మైనింగ్ పూల్ నుంచి మీ మైనర్ లెక్కలు మీరే తెచ్చుకోవడం ఎలా?

“మెషిన్ మీద 1.2 టెరాహ్యాష్ అని ఉంది, పూల్‌లో చూస్తే 0.9 ఉంది. ఏది నమ్మాలి?” “ఊరెళ్లినప్పుడు మైనర్ ఆగిపోతే నాకెలా తెలుస్తుంది?” బిటాక్స్ లాంటి చిన్న బిట్‌కాయిన్ మైనర్లు (బిట్‌కాయిన్ కోసం ఆగకుండా లెక్కలు చేసే మెషిన్లు) కొన్నవాళ్లు నన్ను పదేపదే అడిగేవి ఈ రెండే. ఆ లెక్కల్లో ఒక్కోదాన్ని హ్యాష్ అంటారు. టెరాహ్యాష్ అంటే సెకనుకు లక్ష కోట్ల హ్యాష్‌ల వేగం. పూల్ అంటే మైనర్లు తమ పనిని పంపే సర్వర్. రెండింటికీ ఒకటే జవాబు. పూల్ దగ్గరున్న అసలు అంకెల్ని పావుగంటకోసారి మీరే తెచ్చి, టైముతో సహా ఒక షీట్‌లో రాసి పెట్టుకోవాలి. దీనికి ఎవరి సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు. ముప్పై నలభై లైన్ల ప్రోగ్రామ్ సరిపోతుంది.

ఉదాహరణగా సోలో సీకేపూల్‌ని తీసుకుంటున్నాను. సీజీమైనర్ అనే మైనింగ్ సాఫ్ట్‌వేర్ రాసిన కాన్ కొలివాస్ నడిపే పూల్ ఇది. సోలో అంటే బహుమతిని మిగతా మైనర్లతో పంచుకోకుండా ఒంటరిగా చేసే మైనింగ్. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ ఖాతా తెరవక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు, టోకెన్ (పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రామ్ చూపించే రహస్య కోడ్) లేదు. మీ బిట్‌కాయిన్ అడ్రసే మీ ఖాతా. నేర్చుకోవడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు. మీది వేరే పూల్ అయితే ఏం మార్చాలో తర్వాత చెబుతాను.

ఒక మాట. ఫీల్డ్ పేర్లు, మెనూ పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీ స్క్రీన్ మీద అవి ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తాయి. టైప్ చేసేటప్పుడు అక్కడున్నది ఉన్నట్టే కాపీ చేసుకోండి, స్పెల్లింగ్ ఊహించి రాయొద్దు.

కావలసినవి

- పూల్‌లో కనీసం ఒక రోజు నుంచి నడుస్తున్న మైనర్
- ఆ మైనర్ సెట్టింగుల్లో మీరు పెట్టిన బిట్‌కాయిన్ అడ్రస్
- గూగుల్ ఖాతా (షీట్స్ కోసం, షీట్‌లోంచే ప్రోగ్రామ్ రాసుకునే యాప్స్ స్క్రిప్ట్ కోసం)
- కంప్యూటర్ ముందు ఒక గంట. ఫోన్‌లో షీట్ చూసుకోవచ్చు గానీ ప్రోగ్రామ్ రాయడం కష్టం.

అక్కర్లేనిది కూడా చెప్పాలి. మీ వాలెట్‌కి సంబంధించిన 12 లేదా 24 పదాలు, ప్రైవేట్ కీ ఈ పనిలో ఎక్కడా అవసరం లేదు. పూల్ లెక్కలు చూపిస్తామంటూ ఏ టూల్ అయినా అవి అడిగిందంటే అది దొంగ టూలే. వెంటనే మూసేయండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఎవరో పంపిన “పూల్ మానిటర్” ఫైళ్లను కూడా నడపకండి. మీరు కాపీ చేసిన అడ్రస్‌ని తీసేసి దాని చోట తమ అడ్రస్ పెట్టే వైరస్‌లు ఉన్నాయి. మైనింగ్ చేసేవాళ్లకు అవి వలవేసేది ఇలాంటి ఫైళ్లతోనే.

1. అడ్రస్ సరిచూసుకోండి

మైనర్ సెట్టింగుల్లో యూజర్ అన్న చోట మీరు అడ్రస్, తర్వాత ఒక చుక్క, తర్వాత మెషిన్‌కి మీరు పెట్టుకున్న పేరు ఇచ్చి ఉంటారు. డేటా అడిగేటప్పుడు చుక్క ముందున్న అడ్రస్ మాత్రమే కావాలి. చుక్కతో కలిపి మొత్తం ఇచ్చి “నా డేటా లేదంటోంది” అని కంగారు పడేవాళ్లు చాలామంది.

అడ్రస్‌ని చేత్తో టైప్ చేయకండి. మైనర్ పేజీలోంచే కాపీ చేయండి. 1తోనో 3తోనో మొదలయ్యే పాత రకం అడ్రసుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ముఖ్యం. బీసీ1తో మొదలయ్యేవి అన్నీ చిన్నక్షరాల్లో ఉండాలి. ముందూ వెనకా ఖాళీ అంటుకుని వచ్చిందేమో కూడా చూడండి. కంటికి కనపడని ఆ ఖాళీ ఒక్కటే అరగంట తినేస్తుంది.

2. ముందు బ్రౌజర్‌లో మీ కళ్లతో చూడండి

ప్రోగ్రామ్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. బ్రౌజర్‌లో సోలో డాట్ సీకేపూల్ డాట్ ఆర్గ్ తెరిచి, ఆ పేరు తర్వాత వాలుగీత (స్లాష్), యూజర్స్, మళ్లీ వాలుగీత, మీ అడ్రస్ పెట్టి ఎంటర్ కొట్టండి. మీసాల బ్రాకెట్ల మధ్య పేరు, అంకె, పేరు, అంకె అంటూ ఒక ముద్ద కనిపిస్తుంది. దాన్నే జేసన్ అంటారు. భయపడాల్సిందేమీ లేదు. ఎడమ పక్క పేరు, కుడి పక్క విలువ, అంతే.

ఏమీ రాకుండా 404 (పేజీ దొరకలేదు) వచ్చిందంటే మూడు కారణాల్లో ఒకటి. అడ్రస్‌లో తప్పు ఉండాలి, లేదా మీ మైనర్ నుంచి ఒక్క షేర్ (పని చేస్తున్నానని మైనర్ పంపే రుజువు) కూడా ఇంకా పూల్‌కి చేరలేదు, లేదా మీరు చూస్తున్న సర్వర్ ఒకటి, మైనర్ కలిసిన సర్వర్ ఇంకొకటి. యూరప్ సర్వర్‌కి మైనింగ్ చేస్తున్నవాళ్లు దాని పేరుతోనే అడగాలి. అక్కడి లెక్క ఇక్కడ కనపడదు. మైనర్ సెట్టింగుల్లో సర్వర్ పేరు ఏముందో చూసి, ఇక్కడా అదే వాడండి.

ఈ మెట్టు దాటకుండా ముందుకు వెళ్లొద్దు. బ్రౌజర్‌లో రాని డేటా ప్రోగ్రామ్‌లోనూ రాదు.

3. ఏ అంకె ఏం చెబుతోంది?

హ్యాష్‌రేట్1ఎం, 5ఎం, 1హెచ్ఆర్, 1డి, 7డి అని ఐదు ఉంటాయి. వరుసగా ఒక నిమిషం, ఐదు నిమిషాలు, గంట, రోజు, వారం సగటు వేగాలు. లాస్ట్‌షేర్ అంటే మీ నుంచి చివరి షేర్ వచ్చిన టైము. షేర్స్ అంటే ఇంతవరకు ఒప్పుకున్న షేర్ల మొత్తం. ఇది ఎన్ని వచ్చాయన్న లెక్క కాదు, ఒక్కో షేర్ కష్టాన్ని (డిఫికల్టీ, అంటే అలాంటి షేర్ దొరకడం ఎంత అరుదో చెప్పే అంకె) కలుపుకుంటూ పోయిన మొత్తం. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. బెస్ట్‌ఎవర్ అంటే ఇప్పటిదాకా మీ మైనర్ కొట్టిన అతి కష్టమైన షేర్. కింద వర్కర్ అనే జాబితాలో ఒక్కో మెషిన్‌కీ ఇవే అంకెలు విడివిడిగా ఉంటాయి.

ఇక మొదటి ప్రశ్న, 1.2 నిజమా, 0.9 నిజమా? మీ మెషిన్ ఎంత వేగంగా తిరుగుతోందో పూల్‌కి నేరుగా కనపడదు. వచ్చిన షేర్లను బట్టి వెనక్కి లెక్కకడుతుంది. షేర్లు వానచినుకుల్లా పడతాయి. సగటు ఉంటుంది గానీ సమానంగా పడవు. 1.2 టెరాహ్యాష్ మెషిన్‌కి పూల్ ఇచ్చిన షేర్ కష్టం 1000 అనుకుంటే, సగటున 3.6 సెకన్లకు ఒక షేర్ వస్తుంది. నిమిషానికి 17 అన్నమాట. అంత తక్కువ షేర్లతో కట్టిన సగటు అటూ ఇటూ 24 శాతం ఊగడం మామూలే. ఐదు నిమిషాల సగటులో ఆ ఊపు 11 శాతానికి తగ్గుతుంది, గంట సగటులో 3 శాతానికి, రోజు సగటులో ఒక శాతం లోపుకి. కాబట్టి ఒక నిమిషం అంకె 0.9 చూపిస్తే మెషిన్ పాడైందని టెన్షన్ పడకండి. గంట సగటు కూడా 0.9 దగ్గరే కూర్చుందంటే అప్పుడు చూడాల్సిందే.

ఇంకో తికమక కొత్తవాళ్లకు వస్తుంది. మైనర్ పెట్టిన మొదటి రోజు 1డి, 7డి అంకెలు చాలా తక్కువగా ఉంటాయి. అవి మెల్లగా పైకెక్కే సగటులు. అలాగే మైనర్ ఆగినా మెల్లగానే దిగుతాయి. అందుకే “ఆగిందా లేదా” తెలుసుకోవడానికి రోజు సగటు పనికిరాదు. దానికి లాస్ట్‌షేర్ చూడాలి.

4. షీట్ సిద్ధం చేసుకోండి

కొత్త గూగుల్ షీట్ తెరిచి మొదటి వరుసలో ఈ తలకట్లు పెట్టండి: తెచ్చిన టైము, స్థితి, 1 నిమిషం, 5 నిమిషాలు, గంట, రోజు, చివరి షేర్ టైము, షేర్ల మొత్తం, బెస్ట్‌ఎవర్, హెచ్చరిక. వేగాల నాలుగు నిలువు వరుసల పైనా “టెరాహ్యాష్‌లలో” అని రాసి పెట్టుకోండి. యూనిట్ రాయని అంకె నెల తర్వాత మీకే అర్థం కాదు.

పావుగంటకో వరుస చొప్పున రోజుకు 96, ఏడాదికి 35,040 వరుసలు. షీట్‌కి ఇదేమీ బరువు కాదు.

5. డేటా తెచ్చే ప్రోగ్రామ్

షీట్‌లో ఎక్స్‌టెన్షన్స్ మెనూ తెరిచి యాప్స్ స్క్రిప్ట్ నొక్కండి. ఖాళీ ఫంక్షన్ ఒకటి వస్తుంది. అందులో రాయాల్సిన పనులు ఈ వరుసలో ఉండాలి.

మొదట బ్రౌజర్‌లో పనిచేసిన పూర్తి లింక్‌ని ఒక పేరులో దాచండి. తర్వాత యూఆర్ఎల్‌ఫెచ్‌యాప్‌లోని ఫెచ్‌తో ఆ లింక్‌ని పిలవండి. పిలిచేటప్పుడు మ్యూట్ హెచ్‌టీటీపీ ఎక్సెప్షన్స్ అనే ఆప్షన్‌ని ట్రూ చేయండి. లేకపోతే పూల్ ఒక్కసారి తప్పు కోడ్ పంపినా ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది, షీట్‌లో ఆ పావుగంట జాడే ఉండదు.

వచ్చిన జవాబు కోడ్ 200 (అంతా బాగుందని అర్థం) అవునా కాదా చూడండి. అవునైతేనే జేసన్ పార్స్‌తో విడదీయండి. కాకపోతే టైము రాసి, స్థితి అన్న చోట ఆ కోడ్ రాసి, మిగతా గళ్లన్నీ ఖాళీగా వదిలేయండి. చివరగా అపెండ్ రో‌తో వరుసను షీట్ అడుగున చేర్చండి. సర్వర్ పేరు తప్పడం వల్లో, సర్వర్ పలకకపోవడం వల్లో పిలుపే విఫలమయ్యే సందర్భాలూ ఉంటాయి కాబట్టి ఫెచ్‌ని ట్రై, క్యాచ్ మధ్య పెట్టండి. క్యాచ్‌లో కూడా అలాంటి ఖాళీ వరుసే రాయాలి.

డేటా రానప్పుడు గడిలో సున్నా రాయకండి. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. సున్నా అంటే “మైనర్ ఆగింది” అని. ఖాళీ అంటే “నాకు తెలియలేదు” అని. ఈ రెండూ కలిసిపోతే నెలాఖరు సగటు తప్పుతుంది, గ్రాఫ్‌లో లేని గుంతలు కనిపిస్తాయి, అర్ధరాత్రి అక్కర్లేని హెచ్చరికలు వస్తాయి.

మొదటిసారి రన్ నొక్కినప్పుడు గూగుల్ అనుమతి అడుగుతుంది, ఈ యాప్‌ని తాము పరిశీలించలేదని హెచ్చరిస్తుంది. ఇది మీరే రాసిన ప్రోగ్రామ్ కాబట్టి అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లొచ్చు. వేరేవాళ్లు పంపిన స్క్రిప్ట్‌కి మాత్రం చదవకుండా ఆ అనుమతి ఇవ్వొద్దు. మీ షీట్లు, మీ మెయిల్ దాని చేతికి వెళ్తాయి.

6. వేగాన్ని అంకెగా మార్చండి

అందరూ పడే గుంత ఇది. సీకేపూల్ వేగాన్ని అంకెగా ఇవ్వదు, చివర ఒక అక్షరం అంటించిన మాటగా ఇస్తుంది. 1.02 పక్కన టి అంటే 1.02 టెరాహ్యాష్. 980 పక్కన జి అంటే 980 గిగాహ్యాష్, అంటే 0.98 టెరాహ్యాష్. చాలామంది ఆ అక్షరాన్ని కొట్టేసి అంకె మాత్రం ఉంచుకుంటారు. అప్పుడేమవుతుంది? మైనర్ 1.02 నుంచి 0.98కి కొంచెం తగ్గితే, షీట్‌లో 1.02 నుంచి 980కి ఎగిరినట్టు కనిపిస్తుంది. గ్రాఫ్‌లో ఉన్నట్టుండి ఆకాశాన్నంటే గీత చూస్తే ముందు ఇదే అనుమానించండి.

సరైన పద్ధతి: చివరి అక్షరాన్ని విడదీయండి. కె అయితే వెయ్యి, ఎం అయితే పది లక్షలు, జి అయితే వంద కోట్లు, టి అయితే లక్ష కోట్లు, పి అయితే దానికి వెయ్యి రెట్లు. అంకెని దానితో గుణించి, ఆ మొత్తాన్ని లక్ష కోట్లతో భాగిస్తే టెరాహ్యాష్‌లలో వస్తుంది. అసలు అక్షరమే లేకుండా వట్టి 0 కూడా రావచ్చు. అప్పుడు ఏమీ గుణించకుండా తీసుకోవాలి. ఈ ఒక్క పనికి వేరే చిన్న ఫంక్షన్ రాసుకుంటే, నాలుగు వేగాలకూ అదే వాడొచ్చు.

7. టైముని మన టైములోకి తెచ్చుకోండి

లాస్ట్‌షేర్ అంకె 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. యాప్స్ స్క్రిప్ట్ తేదీలు మిల్లీసెకన్లలో నడుస్తాయి. అందుకే 1000తో గుణించి తేదీగా మార్చాలి. గుణించడం మర్చిపోతే షీట్‌లో 1970 జనవరి మూడో వారం తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ కనపడిందంటే కారణం వెతకక్కర్లేదు, ఇదే.

తర్వాత యాప్స్ స్క్రిప్ట్ ప్రాజెక్ట్ సెట్టింగుల్లోనూ, షీట్ సెట్టింగుల్లోనూ టైమ్ జోన్ కోల్‌కతా అని ఉందేమో చూడండి. రెండింటిలో వేర్వేరుగా ఉంటే గంటల తేడా వస్తుంది (ఒకటి జీఎంటీలో ఉంటే ఐదున్నర గంటలు). అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ అమ్మానాన్నల ఇంట్లో మైనర్ నడుపుతున్నవాళ్లు ఏదో ఒక జోన్‌కి కట్టుబడండి. మైనర్ ఉన్న ఊరి టైము పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. కరెంటు కోతల టైముతో పోల్చుకోవడం సులువవుతుంది.

8. పావుగంటకోసారి నడిచేలా పెట్టండి

యాప్స్ స్క్రిప్ట్‌లో ఎడమ పక్క గడియారం బొమ్మ ఉంటుంది. అది నొక్కి, యాడ్ ట్రిగ్గర్, టైమ్ డ్రివెన్, మినిట్స్ టైమర్, 15 నిమిషాలు ఎంచుకోండి. నిమిషానికోసారి పెట్టే ఆప్షన్ కూడా ఉంది గానీ వద్దు. పూల్ ఇచ్చే అతి చిన్న సగటే ఒక నిమిషానిది, అది ఎంత ఊగుతుందో పైన చూశాం. ఎక్కువసార్లు అడిగినంత మాత్రాన ఎక్కువ తెలియదు. పైగా ఇది ఉచితంగా ఇస్తున్న డేటా, వాళ్ల సర్వర్‌ని ఊరికే సతాయించడం న్యాయం కాదు. 429 అనే కోడ్ వచ్చిందంటే మీరు మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని అర్థం.

ట్రిగ్గర్ సరిగ్గా 15 నిమిషాలకే మోగదు, కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే ప్రతి వరుసలోనూ అసలు టైము రాయమన్నాను.

ట్రిగ్గర్ ఒక్కసారే పెట్టండి. పనిచేస్తోందో లేదో అని రెండుమూడుసార్లు చేర్చేసి, ఒకే టైముకి మూడేసి వరుసలు వస్తున్నాయని అడిగినవాళ్లు ఉన్నారు. ట్రిగ్గర్ల జాబితాలో ఒకటే మిగలాలి.

గూగుల్ దారి కుదరకపోతే

కొన్ని పూల్ సైట్లు గూగుల్ సర్వర్ల నుంచి వచ్చే పిలుపుల్ని ఆపేస్తాయి. బ్రౌజర్‌లో బాగానే వచ్చి, స్క్రిప్ట్‌లో మాత్రం 403 (అనుమతి లేదు) వస్తుంటే అదే సంగతి. అప్పుడు పైథాన్‌తో చేయొచ్చు. రిక్వెస్ట్స్ లైబ్రరీతో తెచ్చి, సీఎస్వీ ఫైల్ అడుగున చేర్చడమే. మెట్లన్నీ ఇవే. టైమ్‌అవుట్ 20 సెకన్లు తప్పకుండా పెట్టండి, లేకపోతే జవాబు రాని పిలుపు దగ్గర ప్రోగ్రామ్ గంటల తరబడి కూర్చుంటుంది. లినక్స్‌లో క్రాన్, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ దాన్ని పావుగంటకోసారి లేపుతాయి.

కానీ ఆ పైథాన్ ఎక్కడ నడుస్తుందనేది ముఖ్యం. నా మొదటి ప్రోగ్రామ్ మైనర్ పక్కనే ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో నడిచేది. మే నెలలో మేం ఊళ్లో లేనప్పుడు కరెంటు పోయి మైనర్, రౌటర్ రెండూ ఆగాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, లోపం గమనించింది కూడా. కానీ మెయిల్ పంపడానికి నెట్ లేదు. మూడు రోజుల తర్వాత ఇంటికొచ్చాకే తెలిసింది, కరెంటు వచ్చాక కూడా రౌటర్ సరిగ్గా లేవలేదని. కాపలా కాసేది మైనర్ ఉన్న కరెంటు మీదా, మైనర్ ఉన్న నెట్ మీదా ఆధారపడకూడదు. గూగుల్ షీట్ దారిని ముందు చెప్పడానికి అసలు కారణం ఇదే. పైథానే కావాలంటే వేరే ఊళ్లో ఉన్న తమ్ముడింట్లోనో, నెలకు కొద్ది డబ్బుకు వచ్చే చిన్న సర్వర్‌లోనో పెట్టండి.

9. హెచ్చరిక

కొత్త వరుస రాశాక, ఇప్పటి టైములోంచి చివరి షేర్ టైము తీసేయండి. తేడా 20 నిమిషాలు దాటితే మెయిల్‌యాప్‌తో మీకు మెయిల్ పంపించండి. సగటున కొన్ని సెకన్లకు ఒక షేర్ పంపే మెషిన్ 20 నిమిషాలు ఒక్కటీ పంపలేదంటే అది అదృష్టం బాగోలేక కాదు, ఆగిపోయే ఉంటుంది.

మెయిల్ పంపగానే హెచ్చరిక గడిలో “పంపాను” అని రాయించండి. తర్వాతి సారి పైవరుసలో ఆ మాట ఉంటే మళ్లీ మెయిల్ పంపకుండా, ఆ మాటనే కొత్త వరుసలోకి దించాలి. షేర్లు తిరిగి మొదలయ్యాక గడి ఖాళీ అవ్వాలి. ఈ ఏర్పాటు లేకపోతే రాత్రంతా పావుగంటకో మెయిల్ వస్తుంది, పొద్దునకల్లా మీరే ఆ మెయిళ్లను స్పామ్‌లో పడేస్తారు. ఉచిత గూగుల్ ఖాతాకి స్క్రిప్ట్ ద్వారా రోజుకు వందమందికే మెయిల్ పరిమితి కూడా ఉంది.

పూల్ నుంచి జవాబే రానప్పుడు వేరే విషయ వాక్యంతో వేరే మెయిల్ పెట్టండి, అదీ వరుసగా మూడుసార్లు విఫలమైతేనే. ఒకటి రెండుసార్లు తప్పడం ఇంటర్నెట్‌లో మామూలు.

రెండు మూడు మెషిన్లు ఒకే అడ్రస్ మీద నడుస్తుంటే ఇంకో జాగ్రత్త. పైనున్న లాస్ట్‌షేర్ అన్ని మెషిన్ల షేర్లలోకీ కొత్తదాని టైము. ఒకటి ఆగినా మిగతావి నడుస్తున్నంతకాలం అది తాజాగానే ఉంటుంది. కాబట్టి వర్కర్ జాబితాలో ఒక్కోదాని లాస్ట్‌షేర్‌నీ విడిగా చూడాలి. ఒక్కో మెషిన్‌కి ఒక్కో పేరు పెట్టి ఉంటేనే ఇది వీలవుతుంది. అన్నింటికీ ఒకే పేరు పెట్టినవాళ్లు ముందు అది మార్చుకోండి.

మీది వేరే పూల్ అయితే

బ్రెయిన్స్ పూల్ వాడేవాళ్లు (2010లో స్లష్ పూల్‌గా మొదలైన, అన్నింటికంటే పాత పూల్ ఇది) ఖాతా సెట్టింగుల్లో టోకెన్ తయారుచేసుకోవాలి. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నది ఎంచుకోండి. దాన్ని లింక్‌లో కాకుండా పిలుపుతో పాటు హెడర్‌గా పంపాలి. హెడర్ పేరులో పూల్, ఆత్, టోకెన్ అనే మూడు మాటలు అడ్డగీతలతో కలిసి ఉంటాయి. ఇక్కడ వేగం వట్టి అంకెగా వస్తుంది, యూనిట్ వేరే ఫీల్డ్‌లో గిగాహ్యాష్ అని ఉంటుంది. దాన్ని చదవకుండా టెరాహ్యాష్ అనుకుంటే వెయ్యి రెట్ల తప్పు. మెషిన్ల స్థితి కూడా ఓకే, లో, ఆఫ్, డిస్ అని నాలుగు రకాలుగా నేరుగా ఇస్తుంది, హెచ్చరికకు అదే వాడుకోవచ్చు.

టోకెన్‌ని ప్రోగ్రామ్ లోపల గానీ షీట్ గడిలో గానీ రాయకండి. యాప్స్ స్క్రిప్ట్ ప్రాజెక్ట్ సెట్టింగుల్లో స్క్రిప్ట్ ప్రాపర్టీస్ అని ఉంటుంది, అక్కడ దాచండి. ప్రోగ్రామ్‌లోనో గడిలోనో రాసి ఉంటే, స్నేహితుడికి షీట్ కాపీ ఇచ్చినప్పుడు టోకెన్ కూడా వెళ్లిపోతుంది.

మొనెరో అనే ఇంకో క్రిప్టో నాణెం పూల్‌లు బాకీని (పూల్ మీకు ఇవ్వాల్సిన మొత్తాన్ని) అతి చిన్న యూనిట్లలో ఇస్తాయి. సపోర్ట్‌ఎక్స్ఎంఆర్ అనే పూల్ ఇచ్చే అమౌంట్ డ్యూ అంకెని 10 సున్నాలతో కాదు, 12 సున్నాలున్న ఒకటితో, అంటే లక్ష కోట్లతో భాగిస్తేనే మొనెరోలు వస్తాయి. బిట్‌కాయిన్ పూల్ సతోషీల్లో (బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగం) ఇస్తే 10 కోట్లతో భాగించాలి. ఏ పూల్ అయినా సరే, మొదటి రోజు మీ ప్రోగ్రామ్ తెచ్చిన బాకీని పూల్ వెబ్ పేజీలో కనిపించే బాకీతో చివరి అంకెదాకా పోల్చండి.

రోజువారీ చెల్లింపులు వచ్చే పూల్‌లలో ఉన్నవాళ్లు ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, ఆ రోజు రూపాయి విలువ కూడా అదే షీట్‌లో వేరే ట్యాబ్‌లో రాసుకోండి. మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మైనింగ్ మెషిన్లకు పెట్టిన ఖర్చుని కొన్న ధరగా లెక్కలోకి తీసుకోబోమని ఆ ఏడాదే కేంద్ర ఆర్థిక శాఖ లోక్‌సభలో చెప్పింది. రిటర్న్ వేసే రోజు పాత ధరలు వెతుక్కోవడం నరకం, ఆడిటర్‌కి ఈ ట్యాబ్ ఇస్తే సగం పని అయిపోతుంది.

10. తెచ్చిన అంకెలు నిజమేనా? సరిచూసుకోండి

ఒక రోజు గడిచాక ఈ పరీక్షలు చేయండి.

మొదటిది చేతి లెక్క. ఒక గంట తేడాతో ఉన్న రెండు వరుసలు తీసుకోండి. రెండో దాని షేర్ల మొత్తంలోంచి మొదటి దాన్ని తీసేయండి. ఆ తేడాని 4,29,49,67,296తో గుణించండి (2ని 32 సార్లు గుణిస్తే వచ్చే అంకె ఇది, కష్టం 1 ఉన్న షేర్‌కి సగటున ఇన్ని హ్యాష్‌లు పడతాయి). రెండు వరుసల మధ్య సెకన్లతో భాగించండి. వచ్చేది సెకనుకు ఎన్ని హ్యాష్‌లో చెప్పే మీ వేగం, లక్ష కోట్లతో భాగిస్తే టెరాహ్యాష్‌లు. 1.2 టెరాహ్యాష్ మెషిన్‌కి గంటలో షేర్ల మొత్తం సుమారు 10 లక్షల 6 వేలు పెరగాలి. మీ చేతి లెక్కా, గంట సగటు గడిలోని అంకా నాలుగైదు శాతం తేడాలో కలిస్తే మీ ప్రోగ్రామ్ సరిగ్గా ఉంది. వెయ్యి రెట్లు తేడా ఉంటే 6వ మెట్టులో తప్పు. తేడా మైనస్‌లో వచ్చిందంటే మధ్యలో పూల్ లెక్క మళ్లీ మొదలైంది, ఆ వరుసను వదిలేసి ఇంకో జత తీసుకోండి.

రెండోది మెషిన్‌తో పోల్చడం. బిటాక్స్ సొంత పేజీని ఇంటి వైఫైలో తెరిచి అక్కడి వేగాన్ని పూల్ రోజు సగటుతో పోల్చండి. ఒకటి రెండు శాతం తక్కువ ఉంటే ఫరవాలేదు. పది శాతం తక్కువ ఉంటే తిరస్కరించిన షేర్లు ఎన్నో ఆ పేజీలోనే చూడండి. అవి ఎక్కువైతే నెట్ ఆలస్యం, లేదా మెషిన్‌ని అతిగా పరుగెత్తించడం కారణం కావచ్చు. గంట సగటు గ్రాఫ్ మధ్యాహ్నం రెండు మూడింటికి రోజూ పడిపోతుంటే గది వేడి చూసుకోండి. మన ఎండాకాలంలో కిటికీ పక్కన పెట్టిన మైనర్‌కి ఇది సహజం.

మూడోది బెస్ట్‌ఎవర్. దీన్ని బిట్‌కాయిన్ నెట్‌వర్క్ కష్టంతో పోల్చండి. మెంపూల్ డాట్ స్పేస్ అనే సైట్‌లో ఎప్పటికప్పుడు దొరుకుతుంది, 2,016 బ్లాకులకోసారి మారుతుంది. మీ అంకె దాన్ని దాటితేనే బ్లాక్ దొరికినట్టు, అంటే బహుమతి బిట్‌కాయిన్లు గెలిచినట్టు. 2024 చివర్లో ఆ కష్టం వంద లక్షల కోట్లు దాటింది. వంద లక్షల కోట్ల దగ్గర లెక్కకట్టినా 1.2 టెరాహ్యాష్ మెషిన్‌కి ఒక బ్లాక్ దొరకడానికి సగటున 11 వేల ఏళ్లకు పైగా పడుతుంది. సోలో మైనింగ్ చేసేవాళ్లు ఇది తెలిసే చేయాలని నా కోరిక. ఎవరైనా మీ బెస్ట్‌ఎవర్ చూసి “దగ్గరికొచ్చేశారు, ఇంకో మెషిన్ కొనండి” అంటే నమ్మకండి. పాత షేర్ ఎంత పెద్దదైనా తర్వాతి షేర్‌కి దాని సాయం ఏమీ ఉండదు.

ఆఖరి పరీక్ష హెచ్చరికకి. మీరు ఇంట్లో ఉన్న రోజు చూసి మైనర్ ప్లగ్ తీసేయండి. ఫోన్ దగ్గర పెట్టుకుని 40 నిమిషాలు ఆగండి. ఒక మెయిల్ రావాలి, ఒక్కటే రావాలి. రెండో పావుగంటకి రెండోది వచ్చిందంటే 9వ మెట్టులోని “పంపాను” గడి పనిచేయడం లేదు. అసలు రాకపోతే ముందు స్పామ్ ఫోల్డర్, తర్వాత యాప్స్ స్క్రిప్ట్‌లో ఎగ్జిక్యూషన్స్ పేజీ చూడండి. ఎర్రగా ఉన్న వరుస నొక్కితే ఏ లైన్‌లో ఆగిందో చెబుతుంది. మెయిల్ సరిగ్గా వచ్చాక ప్లగ్ పెట్టి, తర్వాతి వరుసలో హెచ్చరిక గడి ఖాళీ అయిందో లేదో చూశాకే ఊరికి బయల్దేరండి.